సీసా పగిలితే బాధ్యత ఎవరిది? – న్యాయమూర్తి రోజర్ ట్రేనర్

ఈ శీర్షిక క్రింద సాధారణంగా యంత్రాలను గురించి, వాటిని రూపొందించిన మేధావులను గురించి ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈ సంచికలో ఒక న్యాయమూర్తిని పాఠకులకు పరిచయం చేయదలచాను. ఆయన ఏ యంత్రాన్నీ కనిపెట్టలేదు. ఏ కర్మాగారాన్నీ నడపలేదు. అయినప్పటికీ, వస్తువులను తయారుచేసి ప్రజల చేతికి అందించే మనవంటి వారి వృత్తిధర్మానికి ఆయన రాసిన రెండు తీర్పులు కొత్త అర్థం చెప్పాయి. ఆయనే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర సుప్రీంకోర్టులో 1940 నుండి 1970 వరకు న్యాయమూర్తిగాను, అందులో చివరి ఐదున్నర సంవత్సరాలు ప్రధాన న్యాయమూర్తిగాను పనిచేసిన రోజర్ ట్రేనర్.

'రాష్ట్ర సుప్రీంకోర్టు' అనే మాట మన చెవికి కొంత వింతగా వినిపిస్తుంది. మన దేశంలో సుప్రీంకోర్టు ఒక్కటే. రాష్ట్రాలలోని హైకోర్టుల తీర్పులపై అక్కడికి అప్పీలు వెళుతుంది. అమెరికా పద్ధతి వేరు. అక్కడి 50 రాష్ట్రాలలో ప్రతిదానికీ తన రాజ్యాంగం, తన చట్టాలు, తన అత్యున్నత న్యాయస్థానం ఉన్నాయి. ఒప్పందాలు, వివాహాలు, వారసత్వాలు, ప్రమాదాలలో నష్టపరిహారాలు మొదలైన నిత్యజీవిత వ్యవహారాలు చాలావరకు రాష్ట్ర చట్టం పరిధిలోనివే. జాతీయ రాజ్యాంగానికి సంబంధించిన ప్రశ్న ఏదైనా తలెత్తితే తప్ప, ఈ విషయాలలో రాష్ట్ర సుప్రీంకోర్టు మాటే చివరిమాట. అందువల్లనే ఒక రాష్ట్ర న్యాయమూర్తి, వాషింగ్టన్ నగరంలోని సుప్రీంకోర్టు గడప ఎన్నడూ ఎక్కకపోయినా, సామాన్యుని జీవితాన్ని ఎంతగానో ప్రభావితం చేయగలడు.

ట్రేనర్ 1900 సంవత్సరం ఫిబ్రవరి 12వ తేదీన యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీలో జన్మించాడు. అది కొండల నడుమ వెండి గనులను ఆశ్రయించుకొని వెలసిన ఊరు. తల్లిదండ్రులు ఐర్లండు నుండి వలస వచ్చిన బీదవారు. గనుల ఊరిలో పెరిగిన ఆ బాలుడు చదువు కోసం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణానికి చేరాడు. అక్కడే బి.ఏ. పూర్తిచేసి, ఒకవంక రాజనీతిశాస్త్రంలో డాక్టరేటు కోసం, మరొకవంక న్యాయశాస్త్ర పట్టా కోసం ఏకకాలంలో కృషిచేశాడు. 1927 నాటికి రెండూ చేతికందాయి. చదువుకుంటూనే క్రింది తరగతుల విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. న్యాయకళాశాల పత్రికకు సంపాదకత్వం వహించాడు. తరువాత అదే కళాశాలలో ఆచార్యుడై, పన్నుల చట్టాలలో నిపుణుడుగా పేరు తెచ్చుకున్నాడు. 1930 తరువాతి ఆర్థికమాంద్యపు రోజులలో రాష్ట్ర ఖజానా ఒట్టిపోయినప్పుడు అమ్మకపు పన్ను వంటి కొత్త పన్నుల చట్టాల రూపకల్పనలో ప్రభుత్వానికి తోడ్పడ్డాడు.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు ఏడుగురు. ప్రజలెన్నుకున్న గవర్నరు న్యాయమూర్తిని ఎంపిక చేస్తాడు. ఒక సంఘం ఆ ఎంపికను ఆమోదించాలి. ఆ తరువాత వచ్చే ఎన్నికలలో ప్రజలు కూడా ఆయన కొనసాగాలా, వద్దా అని ఓటు వేస్తారు. 1940లో ఒక ఖాళీ ఏర్పడినప్పుడు గవర్నరు కల్బర్ట్ ఓల్సన్ మొదట మాక్స్ రాడిన్ అనే ప్రసిద్ధ ఆచార్యుని ప్రతిపాదించాడు. ఆయన అభిప్రాయాలు వివాదాస్పదం కావడంతో సంఘం తిరస్కరించింది. అప్పుడు అదే కళాశాలకు చెందిన ట్రేనర్‌ను గవర్నరు ఎంపిక చేశాడు. ఆ విధంగా, జీవితంలో అధికభాగం పాఠాలు చెప్పుకుంటూ గడిపిన ఒక ఆచార్యుడు 40 ఏళ్ల వయసులో, క్రింది కోర్టులలో జడ్జీగా పనిచేసిన అనుభవం లేకుండానే, రాష్ట్ర అత్యున్నత న్యాయపీఠాన్ని అధిష్ఠించాడు.

ఆయన పేరును చిరస్థాయి చేసిన మొదటి కేసు ఒక పానీయపు సీసాకు సంబంధించినది.

కాలిఫోర్నియాలో ఒక ఉపాహారశాలలో పనిచేసే యువతి ఒకనాడు కోకా-కోలా సీసాలను పెట్టెలోనుండి తీసి ఫ్రిజ్‌లో సర్దుతున్నది. మూడు సీసాలు పెట్టింది. నాలుగవది చేతిలో ఉండగానే పేలిపోయింది. అరచేతిలో ఐదు అంగుళాల మేర గాయమై రక్తనాళాలు, నరాలు, బొటనవ్రేలి కండరాలు తెగిపోయాయి. ఆ సీసాలు అంతకుముందు కనీసం 36 గంటలపాటు కదలకుండా అక్కడే ఉన్నాయి. పగిలిన ముక్కలను ఆ తరువాత పారవేశారు. సీసాలో పానీయం నింపి సరఫరా చేసిన ఫ్రెస్నో బాట్లింగ్ కంపెనీపై ఆమె దావా వేసింది. ఇదే 'ఎస్కోలా కేసు'గా న్యాయశాస్త్ర గ్రంథాలలో ప్రసిద్ధి పొందింది.

గోలీసోడా తాగి పెరిగిన మన తరానికి ఈ ప్రమాదం కొత్త కాదు. సీసాను పెట్టెలో బిగించి, చక్రం తిప్పి గ్యాసు పట్టడం మనలో అనేకులు చిన్ననాట చూసినదే. గ్యాసు ఒత్తిడి ఎక్కువైనా, గాజులో కంటికి కనిపించని లోపమున్నా సీసా పగులుతుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందన్నది సీసా పగిలిన తరువాత తేల్చడం కష్టం. ముక్కలు కూడా లేనప్పుడు అసాధ్యం.

ఈ కేసులో సీసాలు తయారుచేసిన గాజు కంపెనీకి చెందిన ఒక కెమికల్ ఇంజనీరు ఇచ్చిన సాక్ష్యం మనబోటివారు శ్రద్ధగా చదవదగినది. ప్రతి మూడు గంటలకు ఒకసారి ఒక్కొక్క అచ్చు నుండి ఒక సీసాను నమూనాగా తీస్తారు. అంటే సుమారు 600 సీసాలకు ఒకటి. ఆ నమూనాలో చదరపు అంగుళానికి 450 పౌండ్ల ఒత్తిడి కల్పించి ఒక నిమిషంపాటు నిలుపుతారు. మనం వాడే కొలతలో చెప్పాలంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 32 కిలోలు. పానీయం నింపిన సీసాలో సహజంగా ఉండే ఒత్తిడి 50 పౌండ్లకు లోపే. అనగా తొమ్మిది రెట్లకు పైబడిన పరీక్ష. ఇదిగాక వేడి, చల్లదనాల తాకిడి పరీక్ష వేరుగా ఉన్నది. ఈ పరీక్షలు దాదాపు తిరుగులేనివని ఆ ఇంజనీరు కోర్టుకు చెప్పాడు. ఆయన చెప్పినదానిలో అసత్యమేమీ లేదు. అయితే ఇవి కొత్త సీసాలకు జరిపే పరీక్షలు. వాడి తిరిగివచ్చిన పాత సీసాలను మళ్ళీ నింపేముందు ఒత్తిడి పరీక్ష చేసే ఆచారం లేదు. కంటితో చూసి నింపేవారు.

1944 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. న్యాయమూర్తులందరూ ఆ యువతి పక్షానే నిర్ణయించారు. ప్రధాన న్యాయమూర్తి ఫిల్ గిబ్సన్ రాసిన తీర్పు పాత సూత్రంపైనే నిలిచింది. జాగ్రత్తగా నింపిన సీసా ఊరికే పగలదు. పగిలిందంటే కంపెనీవారి నిర్లక్ష్యం ఎక్కడో ఉండి ఉంటుంది. సంఘటనే సాక్ష్యం చెబుతున్నది. కనుక నిర్లక్ష్యాన్ని జ్యూరీ ఊహించవచ్చును అని ఆ తీర్పు సారాంశం.

ట్రేనర్ ఫలితంతో ఏకీభవించాడు గాని, కారణంతో ఏకీభవించలేదు. వేరుగా తన అభిప్రాయాన్ని రాశాడు. కంపెనీవారు తాము తీసుకున్న జాగ్రత్తలన్నీ చూపించిన తరువాత కూడా వారిలో లేని నిర్లక్ష్యాన్ని ఊహించి ఎందుకు శిక్షించాలి? అంతకంటే ఉన్న విషయాన్ని ఉన్నట్లు చెప్పరాదా? తనిఖీ లేకుండానే వాడుకుంటారని తెలిసి ఒక వస్తువును బజారులో పెట్టినవాడు, అందులో లోపముండి మనిషికి హాని జరిగితే, తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా బాధ్యత వహించాలి. ఇదీ ఆయన వాదం.

అందుకు ఆయన చూపిన కారణాలను మన పరిభాషలో ఇలా చెప్పుకోవచ్చును. మొదటిది, ప్రమాదాన్ని ముందుగా ఊహించి నివారించగల శక్తి తయారీదారుకు ఉన్నది, కొనుగోలుదారుకు లేదు. బాధ్యతను శక్తి ఉన్నచోట ఉంచితేనే నివారణ జరుగుతుంది. రెండవది, గాయపడిన మనిషికి వైద్యఖర్చులు, పోయిన జీతం, పోయిన చేయి ఒక్కసారిగా మీదపడే పిడుగు. తయారీదారుకు అదే నష్టం బీమా ద్వారా, ధర ద్వారా లక్షల మందిపై పలుచగా పరుచుకునే ఖర్చు. మూడవది, కర్మాగారంలో ఏమి జరిగిందో హోటలులో పనిచేసే మనిషి ఎలా నిరూపించగలదు? రికార్డులు, యంత్రాలు, నిపుణులు అన్నీ అవతలి పక్షం దగ్గరే ఉన్నాయి.

నాలుగవ కారణం అన్నిటికంటే ఆలోచింపదగినది. పూర్వం చేతివృత్తుల కాలంలో చేసేవానికి, కొనేవానికి ముఖపరిచయం ఉండేది. కొనేవానికి వస్తువును పరీక్షించే విద్య కూడా తెలిసి ఉండేది. మన సంతలలో కుండ కొనే ఇల్లాలు దానిని వ్రేలితో తట్టి, మోత విని, బీటలు లేవని తేల్చుకున్న తరువాతనే డబ్బు చెల్లించేది. కుండ కారితే మరునాడు కుమ్మరి ఇంటికే వెళ్ళి అడిగేది. మూత బిగించిన సీసాను ఎవరు తట్టి చూడగలరు? మార్కెట్‌లోకి వచ్చే వస్తువులు కొనేవారి తెలివికి అందని స్థితికి చేరాయి. పరీక్షించే విద్య పోయి, ఆ స్థానంలో ట్రేడ్‌మార్కుపై నమ్మకం మిగిలింది. ఆ నమ్మకాన్ని ప్రకటనలతో పెంచి పోషించేది తయారీదారే గనుక, దానికి జవాబుదారీ కూడా అతడే కావాలని ట్రేనర్ తర్కం.

అప్పటికి ఆయనతో గొంతు కలిపిన న్యాయమూర్తి ఒక్కరూ లేరు. ఆ అభిప్రాయం తీర్పుల సంపుటంలో అచ్చై అలాగే ఉండిపోయింది. ట్రేనర్ దానికోసం ఉద్యమాలు నడపలేదు, ప్రకటనలు చేయలేదు. తన పనిని తాను చేసుకుపోయాడు. న్యాయకళాశాలలలో ఆచార్యులు ఆ పుటలను విద్యార్థులచేత చదివించసాగారు. ఈలోగా 19 సంవత్సరాలు గడిచాయి.

రెండవ కేసు ఒక లేత్ మిషనుకు సంబంధించినది. షాప్‌స్మిత్ అనే పేరుతో ఒక బహుళప్రయోజన యంత్రం వచ్చేది. రంపంగా, డ్రిల్లింగ్ మిషనుగా, కొయ్య తిరగలి పట్టే లేత్‌గా మూడు విధాల ఉపయోగించవచ్చును. 1955 క్రిస్మస్‌కు ఒక గృహిణి తన భర్తకు దానిని బహూకరించింది. 1957లో అతడు లేత్‌కు అవసరమైన విడిభాగాలు కొని, పెద్ద కొయ్యముక్కను పానపాత్రగా మలచడం మొదలుపెట్టాడు. అనేకసార్లు ఏ ఇబ్బందీ లేకుండా పని సాగింది. ఒకనాడు హఠాత్తుగా ఆ కొయ్యముక్క యంత్రంలోనుండి ఎగిరివచ్చి నుదుటిపై బలంగా కొట్టింది. తీవ్రమైన గాయాలయ్యాయి.

నిపుణులు పరీక్షించి చెప్పినదేమిటంటే, యంత్రభాగాలను బిగించి ఉంచే సెట్ స్క్రూలు చాలినంత బలమైనవి కావు. యంత్రం నడిచేటప్పుడు కలిగే సహజమైన కంపనానికే టెయిల్‌స్టాక్ మెల్లమెల్లగా వెనుకకు జరిగి, కొయ్యముక్క పట్టు వదిలింది. వర్క్‌షాపులో పనిచేసిన వారెవరికైనా ఈ వర్ణన చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కొద్దిపాటి ఖర్చుతో సరిచేయదగిన లోపమది.

జ్యూరీ 65,000 డాలర్ల పరిహారం నిర్ణయించింది. తయారీదారు ఒక సాంకేతిక అభ్యంతరం లేవదీశాడు. వారంటీ ఉల్లంఘన జరిగితే సకాలంలో నోటీసు ఇవ్వాలని చట్టంలో ఉన్నది. కొనుగోలుదారు పదిన్నర నెలల తరువాత ఇచ్చాడు. కనుక దావా చెల్లదు అని వాదన. 1963 జనవరి 24న 'గ్రీన్‌మన్ కేసు' తీర్పును ట్రేనరే రాశాడు. ఈసారి మిగిలిన ఆరుగురు న్యాయమూర్తులు ఆయన వెనుక నిలిచారు. వారంటీ, నోటీసు మొదలైనవి వ్యాపారులు తమలో తాము ఏర్పరచుకున్న నియమాలనీ, గాయపడిన సామాన్యునికి అవి ఉచ్చులు కారాదనీ, లోపమున్న వస్తువును బజారులోకి పంపిన తయారీదారు బాధ్యత చట్టమే విధించిన బాధ్యత అనీ ఆ తీర్పు ప్రకటించింది. 1944లో ఒంటరిగా పలికిన మాట 1963లో ఏకగ్రీవ న్యాయమయింది. మరుసటి సంవత్సరమే బ్రేకులు పనిచేయని ఒక ఫోర్డ్ కారు కేసులో ఆ బాధ్యతను వస్తువును అమ్మిన డీలరుకు కూడా వర్తింపజేశాడు. 1965లో అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ ప్రచురించిన సూత్రసంపుటిలో ఇది చోటుచేసుకున్నది. ఆపై ఒక దాని తరువాత ఒకటిగా రాష్ట్రాలలో అధికభాగం దీనిని స్వీకరించాయి.

ఇందుకు ఎదురుగా వినిపించిన విమర్శను కూడా పాఠకులు తెలుసుకోవాలి. పరిహారాల భారం పెరిగి 1970, 80 దశకాలలో అమెరికాలో బీమా రుసుములు బాగా పెరిగాయి. చిన్న విమానాల తయారీ క్షీణించింది. చివరకు 18 సంవత్సరాలకంటే పాతవైన చిన్న విమానాల విషయంలో తయారీదారుపై దావాలను పరిమితం చేస్తూ 1994లో ఒక చట్టం చేయవలసివచ్చింది. వస్తువు రూపకల్పనలోని లోపాలను నిర్ణయించేటప్పుడు, అంతకంటే మెరుగైన డిజైను సాధ్యమయ్యేదా అన్న ప్రశ్నను 1998 నాటి సూత్రసంపుటి తిరిగి ముందుకు తెచ్చింది. అంటే ఇంజనీరు చూపిన వివేకాన్ని పరిశీలించడం మళ్ళీ మొదలయింది. ఏ సూత్రమైనా ఆచరణలో ఒరిపిడికి గురై అంచులు సరిచేసుకుంటుంది. మూలసూత్రం మాత్రం నిలిచే ఉన్నది.

ట్రేనర్ జీవితకృషి ఈ రెండు కేసులతో ముగియలేదు. 30 సంవత్సరాలలో ఆయన 900 దాకా తీర్పులు రాశాడు. వాటిలో మూడింటిని స్మరించడం అవసరం.

మొదటిది 1948 నాటి 'పెరెజ్ కేసు'. తెల్లవారు ఇతర జాతులవారిని వివాహమాడరాదని కాలిఫోర్నియాలో చట్టం ఉండేది. మెక్సికన్ సంతతికి చెందిన యువతికి, నల్లజాతి యువకునికి వివాహ లైసెన్సు ఇవ్వడానికి లాస్ ఏంజెలెస్ అధికారి నిరాకరించాడు. మనువు అనేది ఇద్దరు వ్యక్తుల హక్కు, జాతుల మధ్య వ్యవహారం కాదు అనే దృష్టితో ట్రేనర్ ఆ చట్టాన్ని కొట్టివేశాడు. నలుగురు ఒక పక్షం, ముగ్గురు మరొక పక్షం కాగా అతిస్వల్ప ఆధిక్యంతో నెగ్గిన తీర్పు అది. దేశమంతటికీ వర్తించేలా అమెరికా సుప్రీంకోర్టు అదే మాట చెప్పడానికి 1967 దాకా, మరి 19 సంవత్సరాలు పట్టింది. ఈ చట్టం మన ఉపఖండం వారిని కూడా తాకింది. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో కాలిఫోర్నియా పొలాలకు వలసపోయిన పంజాబీ రైతులు ఇటువంటి ఆంక్షల నడుమనే మెక్సికన్ స్త్రీలను వివాహమాడి ఇంపీరియల్ లోయలో కాపురాలు పెట్టారు.

రెండవది 1955 నాటి 'కహాన్ కేసు'. పోలీసులు ఇళ్ళలో రహస్యంగా మైక్రోఫోన్లు అమర్చి సంపాదించిన సాక్ష్యం కోర్టులో చెల్లుతుందా అన్నది ప్రశ్న. 1942లో ఇటువంటి ప్రశ్నకే చెల్లుతుందని తీర్పు రాసినది ట్రేనరే. పదమూడు సంవత్సరాలపాటు ఫలితాలను గమనించిన తరువాత, అక్రమ సోదాలు తగ్గలేదనీ, కోర్టులు ఆ అక్రమానికి భాగస్వాములవుతున్నాయనీ గ్రహించి, తన తీర్పును తానే త్రోసిపుచ్చాడు. పరీక్షలో విఫలమయిన డిజైనును డ్రాయింగు గీసినవాడే ముందుగా రద్దుచేయడం వంటిది ఇది. ఎంతటి పెద్దలకైనా అంత సులభమైన పని కాదు.

మూడవది, ప్రభుత్వరంగంలో పనిచేసే మనకు సన్నిహితమైనది. 1961 నాటి 'మస్కాఫ్ కేసు'లో ప్రభుత్వ ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగి చికిత్స పొందుతున్న రోగి, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల పడి మరింత గాయపడింది. అది ప్రభుత్వ సంస్థ కనుక దానిపై దావా చెల్లదన్నది పాత సూత్రం. రాజు తప్పు చేయడు అన్న నాటి భావన అవశేషం అది. ప్రజాస్వామ్యంలో ఇటువంటి రక్షణకు తావులేదని ట్రేనర్ దానిని తొలగించాడు. శాసనసభ కలవరపడి రెండేళ్ళపాటు తీర్పు అమలును నిలిపివేసి, 1963లో ప్రభుత్వ బాధ్యత హద్దులను నిర్ణయిస్తూ సమగ్ర చట్టం చేసింది.

1964లో గవర్నరు పాట్ బ్రౌన్ ఆయనను ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు. 1970 ఫిబ్రవరిలో పదవీ విరమణ చేశాడు. ఆ తరువాత శాన్ ఫ్రాన్సిస్కోలోని హేస్టింగ్స్ న్యాయకళాశాలలో మళ్ళీ పాఠాలు చెప్పాడు. ఆయన సతీమణి మాడలిన్ ముగ్గురు కుమారులను పెంచిన తరువాత తానూ న్యాయశాస్త్ర పట్టా పొందిన విదుషి. 1983 మే 14న బర్కిలీలో ట్రేనర్ కన్నుమూశాడు. అమెరికా సుప్రీంకోర్టులో ఏనాడూ కూర్చోకపోయినా ఆ దేశపు మహోన్నత న్యాయమూర్తుల వరుసలో ఆయన పేరు చెబుతారు.

ఇక మన దేశం సంగతి. మన న్యాయస్థానాలు ట్రేనర్‌ను చూసి నడిచాయని చెప్పడం సరికాదు. తమ అనుభవాల నుండే అవి పాఠాలు నేర్చాయి. ఆ అనుభవాలు సీసా పగలడంకంటే ఎంతో ఘోరమైనవి. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి భోపాల్ విషాదం జరిగింది. సరిగా ఏడాది తరువాత, 1985 డిసెంబరు 4న ఢిల్లీలోని ఒక కర్మాగారం నుండి ఓలియం వాయువు వెలువడింది. ఈ రెండవ సంఘటనపై ఎం.సి. మెహతా కేసులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి అధ్యక్షతన ఐదుగురు సభ్యుల ధర్మాసనం 1986 డిసెంబరు 20న తీర్పు చెప్పింది. ప్రమాదకరమైన పరిశ్రమను నడిపి లాభం పొందే సంస్థ, దానివల్ల హాని జరిగితే ఎంత జాగ్రత్త వహించినా సరే, సంపూర్ణ బాధ్యత వహించి తీరాలని ఆ తీర్పు నిర్దేశించింది. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారమూ అంత పెద్దది కావాలన్నది. నివారించే శక్తి ఉన్నచోటనే బాధ్యత ఉండాలన్న ఆలోచన రెండు ఖండాలలో రెండు వేరు దారులలో ఒకే మజిలీకి చేరింది. 2020 మే 7న విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వ్యాపించి 12 మంది మరణించినప్పుడు, తప్పు నిరూపణతో నిమిత్తం లేని ఈ బాధ్యతా సూత్రాన్ని పేర్కొంటూ జాతీయ హరిత ట్రిబ్యునల్ మరునాడే 50 కోట్ల రూపాయలు జమచేయవలసిందిగా ఆదేశించింది.

వస్తువుల విషయంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తొలిమెట్టు. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం, 2020 జూలై నుండి అమలై, లోపభూయిష్ట వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారు, అమ్మకందారు, సేవలందించేవారు వహించవలసిన బాధ్యతకు ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్ని కేటాయించింది. తయారీలో లోపం, డిజైనులో లోపం, తగిన హెచ్చరికలు, వాడుక సూచనలు ఇవ్వకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ప్రభుత్వ బాధ్యత విషయంలోనూ మార్పు వచ్చింది. పోలీసు కస్టడీలో ఉన్న బంగారం మాయమైనా ప్రభుత్వం చెల్లించనక్కరలేదన్న 1965 నాటి కస్తూరిలాల్ తీర్పు తరువాత, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక ఎరువుల వర్తకుని కేసులో సుప్రీంకోర్టు 1994లో వేరొక దారి తొక్కింది. 1975లో అధికారులు స్వాధీనం చేసుకున్న సరుకు నిర్లక్ష్యం వల్ల పాడైపోతే ప్రభుత్వమే నష్టపరిహారం ఇవ్వాలని తేల్చిచెప్పింది.

ఈ వృత్తాంతంలో మనం గ్రహించవలసినది ఏమిటి? మన షాపులలో, తనిఖీ విభాగాలలో ప్రతిదినం ఒక దృశ్యం కనిపిస్తుంది. నమూనా తీస్తాము, పరీక్షిస్తాము, నిర్దేశించిన హద్దులలో ఉంటే ముద్ర వేస్తాము. రిజిస్టరులో సంతకం పడగానే మన బాధ్యత తీరిందని మనసుకు ఒక ఊరట. నమూనా పద్ధతి శాస్త్రీయమైనదే. దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పగలగొట్టి చూడవలసిన పరీక్షను ప్రతి వస్తువుకూ చేస్తే అమ్మడానికి ఏమీ మిగలదు. కాని ఆ పద్ధతిలోనే ఒక ఒప్పుకోలు దాగి ఉన్నది. పరీక్షకు నోచుకోని 599 సీసాలలో ఏదో ఒకటి ఎక్కడో ఒకరి చేతిలో పగిలే అవకాశం ఉన్నదని, అది ఎంత స్వల్పమైనా, ముందుగా తెలిసే మనం ముద్ర వేస్తున్నాము. ఆ స్వల్పావకాశం గణాంకశాస్త్రంలో ఒక దశాంశస్థానం. ఆ ఉపాహారశాల యువతికి అది ఆమె కుడిఎడమల బ్రతుకుతెరువు.

ఆ లెక్క మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అందుకే దాని భారం మనపై ఉండాలని ట్రేనర్ అన్నాడు. ఎవరు నిర్లక్ష్యం చేశారు అని వెదకడంతో ఆగిపోయే విచారణలో సాధారణంగా ఒక చిన్న ఉద్యోగి పేరు బయటపడుతుంది, ఫైలు మూతపడుతుంది, సెట్ స్క్రూ మాత్రం అదే కొలతలో కొనసాగుతుంది. ప్రమాదానికి సంస్థే బాధ్యురాలని ముందే ఒప్పుకున్నచోట, తప్పెవరిదన్న వాదులాటకు పనిలేక, ఆ స్క్రూను మార్చడం ఎలాగన్న ఆలోచన మొదలవుతుంది. కార్మికుని మీద నేరం మోపడంకన్నా యంత్రం మీద దృష్టి నిలపడం సంస్థకు లాభం, వాడేవానికి క్షేమం.

ఇంట్లో ఈ పత్రికను చదివే కుటుంబసభ్యులకు ఒక మనవి. మీరు కొన్న ప్రెషర్ కుక్కరు, గ్యాసు రెగ్యులేటరు, పిల్లల ఆటబొమ్మ లోపభూయిష్టమై హాని చేస్తే, మన ఖర్మ అని సరిపెట్టుకోకండి. బిల్లు, పగిలిన ముక్కలు భద్రపరచండి. వినియోగదారుల కమిషను తలుపు తట్టండి. మీరు ఇచ్చే ఫిర్యాదు ఎక్కడో ఒక డిజైను కార్యాలయంలోని డ్రాయింగును మార్పించి, మీరెన్నడూ చూడని మరొక ఇంటిలో ప్రమాదాన్ని ఆపవచ్చును.

గోడౌనులలో, ప్యాకింగు విభాగాలలో పనిచేసే మన సోదరీసోదరులందరికీ తెలుసు, పెట్టె గేటు దాటిన తరువాత అది ఎవరింటికి చేరుతుందో మనకు కనిపించదు. కనిపించని ఆ మనిషిని కూడా మన లెక్కలో చేర్చుకోవాలని చెప్పినవాడు రోజర్ ట్రేనర్.